ఉత్తగా తిరిగిన మోటారు

అందరూ అతన్ని మేస్త్రి అనేవాళ్ళు. ఇళ్ళు కట్టే మేస్త్రి కాదు, పళ్ళు కట్టే మేస్త్రి. పన్ను ఊడితే జనం డాక్టరు దగ్గరికి వెళ్తారు, నోరు తెరుస్తారు, కొన్నాళ్ళకి కొత్త పన్ను పెట్టించుకుని నవ్వుకుంటూ ఇంటికి పోతారు. ఆ పన్ను డాక్టరే చేశాడనుకుంటారు. డాక్టరు చేసేది నోటి అచ్చు తీసి పంపించడం వరకే. ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి దవడ తయారుచేసి, మైనం కరిగించి పన్ను మలిచి, అరగదీసి, మెరుగుపెట్టి, పక్క పళ్ళతో రంగు కలిసిందో లేదో పదిసార్లు చూసుకుని పంపేది ఏ వెనక గదిలోనో కూర్చున్న ఇలాంటి మేస్త్రి. ఊళ్ళో ఎంతోమంది నవ్వుల్లో అతని చేతిపని ఉంది. ఒక్కరికీ అతని మొహం తెలియదు. అది అతనికి హాయిగానే ఉండేది.

మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. దానికి వెనక ఒక బాల్కనీ ఉంటే, అద్దాలు బిగించి దాన్నే పని గది చేసుకున్నాడు. గోడవారన ఒక బల్ల, బల్ల మీద గ్యాసు దీపం, మైనం ముద్దలు, అరగదీసే చిన్న మోటారు. అల్మరా నిండా తెల్లటి ప్లాస్టర్ దవడలు. పని గది తలుపు ఎప్పుడూ వేసే ఉండేది, పొడి ఇంట్లోకి రాకూడదని. అబద్ధం కాదు, పొడి నిజంగానే వచ్చేది.

భార్య బడిలో లెక్కల టీచరు. వాళ్ళ పెళ్ళికి కారణం ఒక పన్నే. అప్పటికి ఆమెకి ఇరవై ఎనిమిదేళ్ళు. సైకిలు మీంచి పడి ముందు పన్ను విరిగింది. రంగు ఎంతకీ కుదరక డాక్టరు విసుగెత్తి, నువ్వే వచ్చి చూసుకోవయ్యా అని మేస్త్రిని క్లినిక్కి పిలిపించాడు. అతను ఆమెని కిటికీ దగ్గర నిలబెట్టి, రంగు నమూనాలు ఒక్కొక్కటీ ఆమె పెదవి దగ్గర పెట్టి పావుగంట సేపు చూశాడు. తనని అంతసేపు అంత శ్రద్ధగా చూసిన మగవాడు ఇంకొకడు లేడని ఆమె తర్వాత అక్కతో చెప్పుకుందట. అతను చూసింది పన్నునేనని ఎవరు చెప్తారు పాపం.

తొమ్మిదేళ్ళ కాపురం. చెడ్డ మనిషి కాదు. గట్టిగా ఒక మాట అనడు. ఇల్లు ఊడుస్తాడు, గిన్నెలు కడుగుతాడు, ఆమెకి జ్వరమొస్తే పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. కానీ ఏమైంది అంటే ఏమీ లేదు అంటాడు. కోపమొచ్చిందా అంటే లేదు. బాధగా ఉందా అంటే లేదు. క్లినిక్ వాళ్ళతో ఫోనులో మాట్లాడటం కూడా అతనికి చేతకాదు, నీళ్ళు నములుతాడు. అందుకే పన్నుతో పాటు పంపే జాబ్ స్లిప్పుల మీద ఆమె నంబరే అచ్చు వేయించారు. ఫలానా పేషెంటు పన్ను ఎప్పుడిస్తారని క్లినిక్ వాళ్ళు అడిగితే, ఆమె బడి స్టాఫ్ రూములో కూర్చుని సమాధానం చెప్పేది.

మోటారు సంగతి ఆమె ఒక్కరోజులో పట్టలేదు. పక్క గదిలో నోటు పుస్తకాలు దిద్దుకుంటూ ఏళ్ళ తరబడి ఆ చప్పుడు విన్న మనిషి. పన్ను తగిలినప్పుడు మోటారు గొంతు బరువెక్కుతుంది, తీసేస్తే తేలికవుతుంది. పని జరుగుతుంటే ఆ చప్పుడు ఎత్తుపల్లాలుగా వినిపిస్తుంది. ఒకప్పుడు అలాగే వినిపించేది. తర్వాత్తర్వాత మధ్యాహ్నాల పూట అరగంట, ముప్పావుగంట ఒకే స్వరంతో సాగడం మొదలైంది. దేనికీ తగలకుండా, ఉత్తగా తిరుగుతోంది. మొదట్లో అలసటేమో, కునుకు తీస్తున్నాడేమో అనుకుంది. ఒక శనివారం మధ్యాహ్నం టీ పట్టుకుని తలుపు తోసింది. మోటారు దాని పాటికది తిరుగుతోంది, అతని చేతిలో ఫోను ఉంది. ఫోనులో బూతు వీడియో. ఆమె టీ బల్ల మీద పెట్టి, మోటారు స్విచ్చి ఆపి బయటికొచ్చేసింది.

వారం రోజులు ఇంట్లో మాటల్లేవు. అతనికి తల ఎత్తడానికి మొహం చెల్లలేదు. ఆ వారంలో ఆమె అరుస్తుందని ఎదురుచూశాడు, వెళ్ళిపోతుందనుకున్నాడు. అందులో ఏది జరిగినా అతనికి అర్థమయ్యేది. ఎనిమిదో రోజున ఆమె ఎదురుగా కూర్చుని అడిగింది, "నాలో ఏం తక్కువైందండీ?"

"నీలో ఏముంది? ఏమీ లేదు."

"ఏమీ లేదంటే?"

"అదే... ఏమీ లేదు."

అతను దగ్గరికి రావడం మానేసిన మూడేళ్ళుగా ఆమె అద్దం ముందు నిలబడి చేసిన లెక్కలన్నీ ఆ మాటతో ఒక్కసారి పైకొచ్చాయి. ఆ మూడేళ్ళలో ఆమె జుట్టు కత్తిరించుకుంది. రంగు వేసుకుంది. తిండి తగ్గించి నీరసపడింది. పన్ను రంగులో వెంట్రుకవాసి తేడా పట్టే కళ్ళు ఇవేవీ చూడలేదు. ఇంకెన్నాళ్ళు ఎదురుచూడాలో ఆమెకి తెలియలేదు.

ఆమే ఎవరినో అడిగి కనుక్కుని, ప్రభుత్వాసుపత్రిలో కౌన్సెలింగ్ చేసే డాక్టరమ్మ దగ్గరికి అతన్ని పంపించింది. ఇంకో పని కూడా చేసింది. వాళ్ళ బడికి నాలుగు గంటల ప్రయాణంలో వేరే ఊళ్ళో ఒక శాఖ ఉంది. అక్కడ లెక్కల టీచరు కావాలని ఎప్పటినుంచో అడుగుతున్నారు. ఆ నెల ముప్పయ్యో తారీకులోగా ఒప్పుకుంటూ సంతకం చేసివ్వాలి. ఆ కాగితం అతని ముందు పెట్టింది.

"మానెయ్యమని నేను అడగట్లేదు. అది మీరూ ఆ డాక్టరమ్మా చూసుకోండి. ఎందుకో నాకు చెప్పండి. ముప్పయ్యో తారీకులోపల, మీ నోటితో. చెప్తే ఈ కాగితం చించేస్తాను."

ఆమె అడిగింది అంతే. ఆ ఒక్కటి చెయ్యడం అతనికి కొండంత పనయింది.

డాక్టరమ్మది ఇరుకు గది. రెండు కుర్చీలు, ఒక చెక్క బీరువా. అతను సిగ్గుపడేలా ఆవిడ ఏమీ అడగలేదు, అదే అతనికి ఆశ్చర్యం. ఆవిడ అడిగింది అతని చిన్నతనం గురించి.

చిన్నతనం గురించి చెప్పడానికేమీ లేదన్నాడు. నిజంగానే అలా అనుకున్నాడు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, తిండికి లోటు లేదు. అతనికి ఆరేళ్ళప్పుడు అమ్మకి పురిట్లోనే బిడ్డ పోయింది. ఆ తర్వాత రెండేళ్ళు అమ్మ గదిలోంచి సరిగ్గా బయటికి రాలేదు. నాన్న ఊళ్ళు తిరిగే ఉద్యోగం చేసేవాడు, వెళ్ళేటప్పుడు బుగ్గ గిల్లి, అమ్మని విసిగించకు, చప్పుడు చెయ్యకు అని చెప్పి వెళ్ళేవాడు. అతను బడినుంచి వచ్చి ఆ గది తలుపు బయట నేల మీద కూర్చునేవాడు. అమ్మ పిలిస్తే వినబడాలి కదా. పిలిచేది కాదు. చీకటి పడేదాకా కూర్చుని, తనే అన్నం పెట్టుకుని తినేవాడు. చుట్టాలొచ్చి బంగారంలాంటి పిల్లాడు, ఉన్నాడో లేడో కూడా తెలియదు అని మెచ్చుకునేవాళ్ళు. పెద్దవాళ్ళ తెలివి అలా తగలడింది. ఏడ్చినా ఎవరూ రారని తెలిసి ఏడుపు మానేసిన పిల్లాడిని చూసి, వీడు ఎంత బుద్ధిమంతుడు అని మురిసిపోతారు.

ఏడుపు మానేసినవాడికి ఏడుపొస్తోందన్న సంగతి కూడా కొన్నాళ్ళకి తెలియకుండా పోతుంది. కోపం, భయం, దిగులు అన్నీ కలిసి గుండె మీద ఒక బరువుగా మిగులుతాయి. ఆ బరువుకి పేరు తెలియదు, ఎవరికి చెప్పుకోవాలో అసలే తెలియదు. పందొమ్మిదేళ్ళప్పుడు పళ్ళపని నేర్చుకుంటూ హాస్టల్లో ఉన్న రోజుల్లో, తనతో గదిలో ఉండేవాడి కంప్యూటర్లో మొదటిసారి అలాంటి వీడియో చూశాడు. మిగతావాళ్ళు చూసి నవ్వుకుని మర్చిపోయారు. అతనికి మాత్రం ఆ అరగంట గుండె మీద బరువు లేదు. అంతకుముందు దేనికీ తగ్గని బరువు. ఇంకేం కావాలి? మందు దొరికిందనుకున్నాడు. ఆ తర్వాత ఇరవై మూడేళ్ళు ఆ మందే వాడాడు. వాడిన ప్రతిసారీ సిగ్గు, ఆ సిగ్గు పెట్టే బరువు, ఆ బరువు దించుకోవడానికి మళ్ళీ అదే. తనకి కోరికలెక్కువని, తను నీచుడని అనుకుని దాచుకున్నాడు.

డాక్టరమ్మ ఒక పని చెప్పింది. "చూసినప్పుడల్లా, దానికి ముందు పది నిమిషాల్లో ఏం జరిగిందో రాయండి."

"ఏమీ జరగదండీ."

"ఏమీ జరగలేదని రాయండి. అదీ పనికొస్తుంది."

డైరీ కొని పెట్టుకున్నాడు. ఒక్క ముక్క రాలేదు. తెల్ల కాగితం చూస్తేనే చెమటలు పట్టాయి. చివరికి బల్ల మీదున్న జాబ్ స్లిప్పుల పుస్తకం అందుకున్నాడు. డాక్టరు పేరు, పేషెంటు పేరు, ఏ పన్ను, రంగు నంబరు, ఇవ్వాల్సిన రోజు, చివర రిమార్కులకి నాలుగు గీతల చోటు. జీవితంలో అతను బెరుకు లేకుండా నింపిన కాగితం అదొక్కటే. పేషెంటు అన్నచోట 'నేను' అని రాశాడు. పన్ను, రంగు ఖాళీ వదిలేశాడు. రిమార్కుల్లో మాటలు కదిలాయి.

సోమవారం. క్లినిక్ నుంచి పన్ను తిరిగొచ్చింది, రంగు తేడా అని. ఏమీ అనిపించలేదు. పది నిమిషాలకి ఫోను తీశాను.

బుధవారం. ఆమె లోపలి గదిలో స్నేహితురాలితో ఫోనులో నవ్వుతోంది. నేను వెళ్ళగానే నవ్వు ఆగింది.

శుక్రవారం. మాట మధ్యలో మేనమామ ఫోను పెట్టేశాడు, మళ్ళీ చేస్తానన్నాడు. చెయ్యలేదు.

ఆదివారం. ఏమీ జరగలేదు. ఇల్లంతా నిశ్శబ్దం.

ఇరవై రెండో తారీకుకి ముప్పై ఒక్క స్లిప్పులయ్యాయి. మంగళవారం పొద్దున, వారం పనులు విడగొట్టుకున్నట్టే వాటిని బల్ల మీద కుప్పలు పోశాడు. ఎవరో మొహం తిప్పుకున్నవి ఒక కుప్ప. పని బాగాలేదన్నవి ఒక కుప్ప. ఊరికే నిశ్శబ్దంగా ఉన్నవి ఒక కుప్ప. భార్య ఒంటి గురించీ, వయసు గురించీ రాసింది ఏ కుప్పలోనూ లేదు. కోరిక గురించి రాసింది కూడా ఒక్కటీ లేదు. అన్ని కుప్పల్లోనూ ఉన్నది ఒక్కటే, వేసిన తలుపు బయట కూర్చున్న ఆరేళ్ళవాడు. మేస్త్రి ఒక్కో కుప్పనీ మళ్ళీ మొదటినుంచి చదివాడు. తర్వాత సంతోషం పట్టలేకపోయాడు. సమాధానం దొరికింది. ఆమెలో ఏమీ తక్కువ కాలేదు.

ఆమె అప్పుడు పక్క గదిలో బడికి బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. నాలుగడుగుల దూరం. వెళ్ళి చెప్పాల్సింది. చెప్పుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

కానీ చేతిపనివాడి బుద్ధి ఎక్కడికి పోతుంది? గరుకుగా ఉన్నదాన్ని ఏనాడూ గడప దాటించని మనిషి. ముందు మాటలు సరిగ్గా రాసుకుని, ఆదివారం ఆమెకి తీరిక ఉన్నప్పుడు తడబడకుండా చెబుదామనుకున్నాడు. కొత్త స్లిప్పు తీసి రాశాడు, చించాడు, మళ్ళీ రాశాడు. గురువారానికి అనుకున్నట్టు కుదిరింది. అదే గురువారం క్లినిక్కి నాలుగు డబ్బాలు పంపాలి. ఒక్కో పన్నుని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, స్లిప్పు మడిచి పైన రబ్బరు బ్యాండు వేస్తాడు. ఆ రోజు మనసు గాల్లో తేలుతోంది, చెయ్యి అలవాటుకొద్దీ పని చేసుకుపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం స్టాఫ్ రూములో టీచరు ఫోను మోగింది. క్లినిక్ రిసెప్షన్లో ఉండే అమ్మాయి.

"మేడమ్, ఒక డబ్బా మీద పేషెంటు పేరు లేదు. 'నేను' అని ఉంది. పన్ను నంబరు కూడా లేదు. రిమార్కుల్లో ఏదో కంప్లైంటు రాశారు, చదవమంటారా?"

"చదువు."

"చిన్నప్పుడు అమ్మ గది బయట కూర్చునేవాడిని. ఎవరైనా మొహం తిప్పుకుంటే ఇప్పటికీ అక్కడే కూర్చున్నట్టు ఉంటుంది. అది తట్టుకోలేక..." అమ్మాయి గొంతు తగ్గింది. "మేడమ్, ఇది జాబు కాదనుకుంటానండీ. సారీ, నేను చూసుకోలేదు."

"చివరిదాకా చదువమ్మా."

"అది తట్టుకోలేక ఆ వీడియోలు చూస్తాను. ఆమెకి దీనితో ఏ సంబంధమూ లేదు. ఆమెలో ఏ లోపమూ లేదు. ఎప్పుడూ లేదు." ఆగి అడిగింది, "మేడమ్, దీన్ని చించెయ్యనా?"

చించెయ్యమంది. పక్క కుర్చీల్లో టీచర్లు పరీక్ష పేపర్లు కట్టలు కడుతున్నారు. మూడేళ్ళు వినాలని ఎదురుచూసిన మాట. ఎవరో పరాయి అమ్మాయి గొంతులో, క్షమాపణల మధ్య వినబడింది. ఆమె తర్వాతి పీరియడు పాఠం చెప్పింది. ఏం చెప్పిందో గుర్తులేదు.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా పని గదిలోకి వెళ్ళింది. జరిగింది చెప్పింది. సిగ్గుతో అతనికి గోడలోకి దూరిపోవాలనిపించింది.

"ఆదివారం చెబుదామనుకున్నాను."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"మంగళవారం."

"మంగళవారం పొద్దున నేను ఇక్కడే ఉన్నాను."

"ఇంకా సరిగ్గా రాలేదు. కొంచెం సరిచేసి..."

"అది పన్ను కాదండీ," అంది ఆమె. కోపంగా అనలేదు. అలిసిపోయి అంది.

ముప్పయ్యో తారీకున సంతకం చేసింది. అతను ఆపలేదు. ఆపడానికి ఏ మాట కావాలో తెలియలేదు. వెళ్ళే ముందు ఆమె ఒకటి చెప్పింది: రోజూ ఐదింటికి ఫోను చెయ్యండి, ఆ రోజు మీకేమనిపించిందో ఒక్క మాట చెప్పండి, చాలు. తిరిగొస్తానని చెప్పలేదు. అతనే అలా అనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

మొదటి వారం రోజులూ 'ఏమీ లేదు' అనే చెప్పాడు. ఆమె సరే అని పెట్టేసేది. పన్నెండో రోజున "చిరాగ్గా ఉంది" అన్నాడు, ఆ మాట కోసం మధ్యాహ్నమంతా వెతుక్కుని. మరో నెలకి "భయంగా ఉంది" వచ్చింది, "కుళ్ళు పుట్టింది" వచ్చింది. ఒకరోజు చేసిన పన్ను నచ్చిందని డాక్టరు కబురు చేస్తే, "గర్వంగా ఉంది, చెప్పడానికి సిగ్గేస్తోంది" అన్నాడు. ఆమె ఫక్కున నవ్వింది. ఆ నవ్వుని అతను వారం దాచుకున్నాడు. పని గది తలుపు తీసిపెట్టడం మొదలుపెట్టాడు. ఇంట్లోకి పొడి వచ్చింది, తుడుచుకున్నాడు. మళ్ళీ ఆ వీడియోల జోలికి పోయి తప్పిన రోజులున్నాయి. తప్పిన రోజు తప్పానని చెప్పాడు. అలా చెప్పగలిగిన కొద్దీ తప్పడం తగ్గింది. ఎనిమిదో నెల వచ్చేసరికి నలభై రోజులుగా ఆ వీడియోల జోలికి పోలేదు. డాక్టరమ్మ ఇక నెలకోసారి వస్తే చాలంది.

ఆ సంగతి చెప్పాలని ఆ రోజు ఐదింటికి ముందే చేశాడు. చెప్పాడు. ఆమె నిజంగా సంతోషించింది, గొంతులో తెలిసింది. ఇక రమ్మని అడగడానికి నోరు తెరిచేసరికి ఆమే అంది, "మీకో మాట చెప్పాలి. నేను ఇక్కడే ఉండిపోతానండీ."

"నేను మారాను కదా?"

"మారారు. మీ మీద నాకు కోపం లేదు. కోపముంటే వచ్చేదాన్నేమో. నాలో ఏం లోపమో తెలుసుకోవాలని అన్నాళ్ళూ ఆ ఇంట్లో ఉన్నాను. ఏ లోపమూ లేదని తెలిసింది. ఇక్కడ మొదటిరోజే ఒళ్ళు తెలియకుండా నిద్రపట్టింది. ఉండటానికి నాకు అక్కడ ఇంకేమీ మిగల్లేదని తర్వాత తెలిసింది. మీకు ముందే చెప్పాల్సింది. మీరు బాగుపడుతుంటే చెప్పబుద్ధి కాలేదు."

ఇన్నాళ్ళూ తను పోగేసిన ప్రతి మాటా ఆమెని ఇంటికి తెస్తుందని అతను అనుకున్నాడు. అవి ఒక్కొక్కటిగా ఆమె భారం దించి ఆమెని విడిపించాయి.

"ఏమనిపిస్తోంది?" అడిగింది ఆమె, రోజూ అడిగినట్టే.

ఈసారి వెతుక్కోవాల్సిన పని పడలేదు.

"ఏడుపొస్తోంది."

"ఏడవండి."

నలభై మూడేళ్ళ మనిషి పని గదిలో నిలబడి బావురుమన్నాడు. గుక్క తిప్పుకోలేక, ముక్కు చీదుకుంటూ, సిగ్గు లేకుండా ఏడ్చాడు. అవతల ఎవరో టీచర్‌గారూ అని పిలిచారు. ఒక్క నిమిషం, వస్తున్నా అని వాళ్ళకి చెప్పింది. అతను ఏడుపు ఆపేదాకా ఆమె ఫోను పెట్టెయ్యలేదు.